ఎదుటి జట్టు లేని జట్టు
(జపాన్ మొదటి ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు కథ)

“ఆటలు అన్నం పెడతాయా?”

ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు మన బడిలో ఒక్కరు కూడా ఉండరనుకుంటాను. చీకటి పడ్డాక గ్రౌండ్ నుంచి ఇంటికి పోతే మా నాన్న అడిగే మొదటి ప్రశ్న ఇదే. నేను జవాబు చెప్పలేక కాళ్ళు కడుక్కుని పుస్తకం ముందేసుకుని కూర్చుంటాను.

నూరేళ్ళ కిందట జపాన్ దేశంలో పెద్దవాళ్ళు కూడా ఆటగాళ్ళను ఇదే అడిగారు. ముగ్గురు స్నేహితులు ఆ ప్రశ్నకు మాటతో కాకుండా ఒక జట్టుతో జవాబు చెప్పారు. ఆ జట్టు మూడేళ్ళు దాటి కొన్ని నెలలు బతికింది. తరువాత పేరు, ఊరు మార్చుకుని ఇంకో ఐదేళ్ళు బతికింది. అంతే. అయినా జపాన్ బేస్‌బాల్ చరిత్ర చెప్పాలంటే ఈ జట్టును దాటి పోలేము. అది ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది అన్నదే ఈ వ్యాసం.

బేస్‌బాల్ అంటే

మనకు క్రికెట్ తెలుసు కాబట్టి దానితో పోల్చి చెబుతాను. బేస్‌బాల్‌లో జట్టుకు 9 మంది. బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. బంతి నేలకు తగలకుండా నేరుగా బ్యాట్ కొట్టేవాడి దగ్గరికి రావాలి. కొట్టినవాడు క్రికెట్‌లో లాగా ఇటూ అటూ పరుగెత్తడు. నలుచదరంగా ఉన్న నాలుగు మూలలను, అంటే బేస్‌లను, ఒక్కొక్కటిగా దాటుకుంటూ మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి. అప్పుడే ఒక పరుగు. అందుకే ఈ ఆటలో 1–0, 3–1 లాంటి చిన్న స్కోర్లు కూడా మామూలే. పిచర్ చూడని క్షణంలో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు ఉరకడం కూడా ఆటలో భాగమే. దాన్ని బేస్ దొంగిలించడం అంటారు. ఈ దొంగతనం మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ ఆటను జపాన్‌కు తెచ్చింది ఒక పంతులుగారు. 1872లో టోక్యోలో పాఠాలు చెప్పిన హొరేస్ విల్సన్ అనే అమెరికన్ తన విద్యార్థులకు బ్యాటు, బంతి ఇచ్చి ఆడించాడు. అలా బడిలో పుట్టిన ఆట బడుల్లోనే పెరిగింది. 1894లో చూమన్ కనాయె అనే ఆయన దానికి ‘యక్యూ’ అని జపాన్ పేరు పెట్టాడు. మైదానంలో ఆడే బంతాట అని అర్థం. 1896 మే నెలలో టోక్యోలోని మొదటి ఉన్నత పాఠశాల విద్యార్థులు యొకొహామాలో ఉండే అమెరికన్ల జట్టును 29–4 తేడాతో ఓడించారు. నేర్పినవాళ్ళనే ఓడించామని దేశమంతా సంబరపడింది. అప్పటి నుంచి బేస్‌బాల్ అంటే విద్యార్థుల ఆట, గౌరవం కోసం ఆడే ఆట అని పేరు పడింది.

ముగ్గురు స్నేహితులు

టోక్యోలో వసెదా, కెయో అని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. 1903 నుంచి ఈ రెండింటికీ బేస్‌బాల్ పోటీ. వసెదా జట్టులో ముగ్గురు ముఖ్యులు కోనో అత్సుషి, హషిదో షిన్, ఒషికవా కియోషి. జపాన్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, మన తెలుగువాళ్ళలాగే. కాబట్టి వీళ్ళను కోనో, హషిదో, ఒషికవా అని పిలుద్దాం.

1905లో వసెదా జట్టు ఓడ ఎక్కి అమెరికా పోయింది. ప్రొఫెసర్ అబె ఇసో వాళ్ళను తీసుకుపోయాడు. అది రష్యాతో జపాన్ యుద్ధం చేస్తున్న కాలం. అయినా ప్రయాణం ఆగలేదు. అక్కడ 26 ఆటలు ఆడి 7 గెలిచారు, 19 ఓడారు. ఆ పర్యటనలో పిచింగ్ భారం దాదాపు అంతా కోనో ఒక్కడే మోశాడు. దాంతో ‘ఇనుప కోనో’ అని పేరు వచ్చింది. 19 ఓటములు చూసి వాళ్ళు సిగ్గుపడలేదు. గ్లవ్ ఎలా వాడాలి, బంట్ ఎలా కొట్టాలి, సాధన ఎలా చెయ్యాలి అని నేర్చుకుని వచ్చారు. కెప్టెన్‌గా పోయిన హషిదో తిరిగొచ్చాక ఆ పాఠాలతో ఒక పుస్తకమే రాశాడు.

అమెరికాలో ఆటనే ఉద్యోగంగా చేసుకున్నవాళ్ళు ఉండేవాళ్ళు. జీతం తీసుకుని ఆడేవాళ్ళ జట్లు, ఆ జట్లన్నీ కలిసిన లీగ్‌లు అక్కడ అప్పటికే గట్టిగా నిలబడ్డాయి. జపాన్‌లో అలాంటిది ఒక్కటి కూడా లేదు.

మెచ్చుకున్న నోళ్ళే తిట్టాయి

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. వసెదా, కెయో పోటీకి జనం విరగబడి రాసాగారు. 1906లో మొదటి ఆట కెయో గెలిచింది, రెండోది వసెదా గెలిచింది. మూడోది జరిగితే రెండు వైపుల విద్యార్థులూ కొట్టుకుంటారేమో అన్నంత వేడి పుట్టింది. దాంతో మూడో ఆటను రద్దు చేశారు. ఆ రెండు విశ్వవిద్యాలయాలు మళ్ళీ ఎదురెదురుగా ఆడింది 1925లోనే. అంటే 19 ఏళ్ళు!

1911లో టోక్యో అసాహి అనే పెద్ద పత్రిక ‘బేస్‌బాల్ వల్ల కీడు’ అంటూ వరుసగా వ్యాసాలు వేసింది. పేరున్న విద్యావేత్త నితోబె ఇనాజో కూడా అందులో ఈ ఆటను విమర్శించాడు. ఎదుటివాణ్ణి ఏమార్చడం, బేస్ దొంగిలించడం ఇదేం ఆట, ఇది జేబుదొంగల ఆట అన్నాడు. విద్యార్థులు చదువు పాడుచేసుకుంటున్నారనీ, టికెట్ల డబ్బు వాళ్ళను చెడగొడుతోందనీ ఇంకొందరు అన్నారు. ఆ వ్యాసాలకు గట్టిగా అడ్డు చెప్పినవాళ్ళలో కోనో ఒకడు.

తమాషా ఏమిటంటే, నాలుగేళ్ళు తిరగకముందే, 1915లో, అదే సంస్థ వాళ్ళ ఒసాకా పత్రిక దేశమంతటి మాధ్యమిక పాఠశాలలకు బేస్‌బాల్ పోటీలు మొదలుపెట్టింది. ఇప్పటికీ జపాన్‌లో ప్రతి వేసవిలో కొషియెన్ స్టేడియంలో జరిగే హైస్కూలు పోటీలు అవే.

అయితే కోనో విమర్శలను తిప్పికొట్టి ఊరుకోలేదు. వాటిలో నిజం ఎంత అని కూడా ఆలోచించాడు. జనం టికెట్ కొని ఆట చూస్తామంటున్నారు. ఆ డబ్బు విద్యార్థుల చుట్టూ తిరిగితే వాళ్ళ చదువుకు చేటు. కాబట్టి డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు వేరుగా ఉండాలి. విద్యార్థి విద్యార్థిగానే ఉండాలి. ఆటను వృత్తిగా చేసుకున్నవాడు దాచుకోకుండా, తలవంచుకోకుండా ‘ఇది నా వృత్తి’ అని చెప్పుకోగలగాలి. ఇదీ ఆయన ఆలోచన.

జట్టు పుట్టింది

1920లో ముగ్గురు స్నేహితులూ కలిసి ‘నిహోన్ ఉండో క్యోకాయ్’ అనే సంస్థ పెట్టారు. జపాన్ క్రీడా సంఘం అని అర్థం. టోక్యో సముద్రతీరంలో షిబౌరా అనే చోట, సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద సొంత మైదానం కట్టారు. అందుకే జనం ఆ జట్టును ‘షిబౌరా సంఘం’ అని కూడా పిలిచేవాళ్ళు.

ఆటగాళ్ళు కావాలని పత్రికల్లో ప్రకటన వేస్తే దాదాపు 200 మంది వచ్చారు. అందులోంచి 14 మందిని ఎంచుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో పేరు మోసినవాళ్ళు రాలేదు. డబ్బుకు ఆడటం అంటే వీధిలో ఆడి చెయ్యి చాపడం లాంటిదని అప్పటి చదువుకున్నవాళ్ళు అనుకునేవాళ్ళు. వచ్చినవాళ్ళు ఎక్కువగా పేరు లేని కుర్రాళ్ళే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది తరువాతి సంగతి. ఈ 14 మందినీ వెంటనే టికెట్ పెట్టి ఆడించలేదు. హాస్టల్‌లో ఒకే చోట ఉంచి నెలల తరబడి తయారుచేశారు. మైదానంలో సాధన ఒక్కటే కాదు, పాఠాలు కూడా! ఇంగ్లీషు, లెక్కల పద్దులు రాయడం నేర్పారు. కోనో స్వయంగా వసెదాలో పాఠాలు చెప్పినవాడు. ఆటగాడి నడవడిక మీద మచ్చ పడకూడదని కట్టుబాట్లు పెట్టాడు. ఆటగాడు ఎల్లకాలం ఆటగాడుగా ఉండలేడు. కాళ్ళలో సత్తువ తగ్గిన రోజున వాడు ఏం చేస్తాడు? దానికి కూడా ముందే దారి చూపించారన్నమాట. మా నాన్న అడిగే ప్రశ్నకు కోనో దగ్గర జవాబు ఉంది!

1922 వేసవిలో జట్టు ముందుగా కొరియా, మంచూరియాలకు పోయి ఆడింది. తిరిగొచ్చాక సెప్టెంబరులో తమ గురువుల జట్టు వసెదాతోనే తలపడింది. అప్పట్లో వసెదా అంటే దేశంలోనే గొప్ప జట్లలో ఒకటి. పేరులేని ఈ కుర్రాళ్ళు దానితో చివరిదాకా పోరాడి ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. ఓడినా పరువు పెరిగింది. ‘వీళ్ళు నిజంగా ఆడగలరు’ అని చూసినవాళ్ళు ఒప్పుకున్నారు.

ఇంద్రజాలికురాలి జట్టు

కానీ ఒక పెద్ద చిక్కు ఉంది. షిబౌరా సంఘం ఎవరితో ఆడాలి? దేశంలో వేరే ప్రొఫెషనల్ జట్టు లేదు. విశ్వవిద్యాలయాల జట్లు, వాటి పాత విద్యార్థుల క్లబ్బులు ఒప్పుకుంటేనే ఆట. వాళ్ళకేమో డబ్బుకు ఆడేవాళ్ళంటే చిన్నచూపు.

అప్పుడు ఊహించని వైపు నుంచి రెండో జట్టు వచ్చింది. షోక్యోకుసాయ్ తెంకత్సు అని జపాన్‌లో చాలా పేరున్న ఇంద్రజాలికురాలు ఉండేది. ఆమె బృందం ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చేది. ఆ బృందానికి ఒక బేస్‌బాల్ జట్టును కూడా పెట్టారు. పగలు ఊళ్ళో జట్టు ఆడుతుంది, రాత్రి అదే ఊళ్ళో ఇంద్రజాలం. ఆటే ప్రదర్శనకు ప్రచారం!

1923 జూన్‌లో ఈ రెండు జట్లూ కొరియాలోని కెయిజో నగరంలో కలుసుకున్నాయి. నేటి సియోల్ అదే. అప్పుడు కొరియా జపాన్ పాలనలో ఉండేది. జూన్ 21న మొదటి ఆట తెంకత్సు జట్టు గెలిచింది. 24న రెండోది షిబౌరా సంఘం గెలిచింది. అంటే జపాన్ ప్రొఫెషనల్ జట్లు రెండు ఎదురెదురుగా నిలబడిన మొదటి ఆట జపాన్ గడ్డ మీద జరగనే లేదు. తేలని లెక్క తేల్చడానికి మూడో ఆటను టోక్యోలో, షిబౌరా మైదానంలో పెట్టారు. ఆగస్టు 30న జరిగిన ఆ ఆట కూడా షిబౌరా సంఘమే గెలిచింది.

ఒక జట్టు నియమాల కోసం పుట్టింది, ఇంకొకటి ప్రచారం కోసం పుట్టింది. అయినా ఒకదానికొకటి దొరికాయి. ఇక ఇలాగే రెండు నాలుగవుతాయి, నాలుగు లీగ్ అవుతుంది అనుకుని ఉంటారు. ఆ ఆశ రెండు రోజులు కూడా నిలవలేదు.

భూమి కంపించింది

1923 సెప్టెంబరు 1, శనివారం. మధ్యాహ్నం 12 కావడానికి రెండు నిమిషాలు. టోక్యో, యొకొహామా ప్రాంతాల్లో మహా భూకంపం వచ్చింది. ఇళ్ళల్లో మధ్యాహ్నం వంటకు పొయ్యిలు మండుతున్న వేళ. నగరాలు అంటుకుని రోజుల తరబడి కాలాయి. లక్షమందికి పైగా చనిపోయారు.

షిబౌరా సముద్రం ఒడ్డున ఉంది కదా. సహాయ సామగ్రి ఓడల్లో వచ్చి అక్కడ దిగేది. ఆ సామగ్రి పెట్టుకోవడానికి ప్రభుత్వం మైదానాన్ని తీసుకుంది. అది తప్పని ఎవరూ అనలేరు. ఆకలితో ఉన్నవాళ్ళ బియ్యం ముందా, ఆట ముందా అంటే బియ్యమే ముందు. కానీ నెలలు గడిచినా మైదానం జట్టు చేతికి రాలేదు. మైదానం లేకపోతే టికెట్లు లేవు, టికెట్లు లేకపోతే జీతాలు లేవు. తెంకత్సు జట్టు కూడా భూకంపం తరువాత మళ్ళీ నిలబడలేదు. 1924 జనవరిలో షిబౌరా సంఘాన్ని మూసేశారు.

తకరజుకాలో రెండో జన్మ

అప్పుడు ఒసాకా వైపు నుంచి ఒక వ్యాపారి చెయ్యి అందించాడు. ఆయన కొబయాషి ఇచిజో. హాంక్యూ రైలు కంపెనీని పెంచినవాడు. రైలు మార్గం వెంట ఇళ్ళు కట్టించి, చివరి స్టేషన్ తకరజుకాలో వేడినీటి స్నానాలు, అమ్మాయిల నాటక బృందం పెట్టి, జనం రైలెక్కేలా చేసిన తెలివైనవాడు. ఆ నాటక బృందం నేటికీ ఉంది. రైలు కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో జట్టు పెట్టుకుంటే లీగ్ దానంతటదే తయారవుతుందని ఆయన ఆలోచన. కోనోతో పాటు జట్టును తీసుకుని ‘తకరజుకా ఉండో క్యోకాయ్’ అని కొత్త పేరు పెట్టాడు.

అక్కడ వాళ్ళకు మంచి పోటీదారు దొరికింది. ఒసాకా మైనిచి పత్రిక వాళ్ళ జట్టు అది. అందులోవాళ్ళు పేరుకు పత్రిక ఉద్యోగులు, నిజానికి విశ్వవిద్యాలయాల్లో మెరిసిన ఆటగాళ్ళు. ఈ రెండు జట్లకూ ఆట అంటే జనం వచ్చేవాళ్ళు.

కానీ కాలం కలిసిరాలేదు. 1924లో తకరజుకాకు దగ్గర్లోనే కొషియెన్ స్టేడియం తెరిచారు. 1925లో వసెదా, కెయో మళ్ళీ ఆడటం మొదలుపెట్టాయి, టోక్యోలో ఆరు విశ్వవిద్యాలయాల లీగ్ వచ్చింది. జనం చూపంతా విద్యార్థుల ఆట వైపు తిరిగింది. 1927లో జపాన్ బ్యాంకులు దెబ్బతిని డబ్బు కరువైంది. 1929 వసంతంలో మైనిచి పత్రిక తన జట్టును తీసేసింది. ఎదుటి జట్టు పోయాక తకరజుకా జట్టు నాలుగు నెలలే ఉంది. 1929 జులైలో అది కూడా చెదిరిపోయింది. కొబయాషి అనుకున్నట్టు ఇంకో రైలు కంపెనీ ఏదీ అప్పుడు ముందుకు రాలేదు.

విత్తనం మొలిచింది

1932లో ప్రభుత్వ విద్యాశాఖ విద్యార్థుల బేస్‌బాల్‌కు కఠిన నియమాలు పెట్టింది. విద్యార్థులు డబ్బు ఆటల్లో దిగకూడదంది, ప్రొఫెషనల్ జట్లతో ఆడకూడదంది. పన్నెండేళ్ళ ముందు కోనో చెప్పిన విషయానికే చివరికి ప్రభుత్వం కూడా వచ్చింది. 1934లో బేబ్ రూత్ మొదలైన అమెరికన్ మహా ఆటగాళ్ళు జపాన్ వచ్చారు. వాళ్ళతో ఆడటానికి విద్యార్థులను పంపే వీలు లేదు. అలా తయారైన ఆటగాళ్ళతోనే ఆ డిసెంబరు 26న కొత్త ప్రొఫెషనల్ జట్టు పుట్టింది. నేటి యొమియూరి జెయంట్స్ అదే. షిబౌరాలో, తకరజుకాలో ఆడిన యమమోతో ఎయిచిరో ఈ కొత్త జట్టులోనూ చేరాడు. పాత దీపంతో కొత్త దీపం వెలిగించినట్టు.

1936లో 7 జట్లతో లీగ్ మొదలైంది. అందులో కొబయాషి గారి హాంక్యూ జట్టు ఉంది. నేటి ఒరిక్స్ బఫెలోస్ దాని వారసురాలే. నగోయా జట్టు నడిపే బాధ్యత కోనో తీసుకున్నాడు. మరుసటి ఏడు కోరాకుయెన్ ఈగల్స్ అనే ఇంకో జట్టును నిలబెట్టాడు. యుద్ధం ముగిశాక 1946 జనవరిలో కన్నుమూశాడు. ఒషికవా అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. హషిదో 1927లో నగరాల మధ్య పోటీలు మొదలుపెట్టినవాడు. వాటిలో మేటి ఆటగాడికి ఇప్పటికీ ఆయన పేరుతోనే బహుమతి ఇస్తారు. ముగ్గురి పేర్లూ జపాన్ బేస్‌బాల్ గౌరవ మందిరంలో ఉన్నాయి.

నాకు అర్థమైంది

ఈ జట్టు ఎందుకు పోయింది అంటే భూకంపం వల్ల అని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ భూకంపం తరువాత కూడా అది మళ్ళీ లేచింది కదా! రెండోసారి పడిపోయినప్పుడు భూమి కంపించలేదు. ఎదుట ఆడేవాళ్ళు లేకపోయారు, అంతే. ఒక చేత్తో చప్పట్లు మోగవు. ఎంత బాగా నేర్చుకున్నా, ఎంత క్రమశిక్షణగా ఉన్నా, ఒక్క జట్టుతో ఆట నడవదు.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. మా బడి ఖోఖో జట్టు ప్రతి ఏడూ పక్క ఊరి తెలుగు బడితో ఆడేది. వాళ్ళు గెలిస్తే మాకు నిద్ర పట్టేది కాదు. ఈ ఏడు అక్కడ పిల్లలు తగ్గిపోయి జట్టు కట్టలేకపోయారు. ‘పోటీ లేదు, మనమే గెలిచాం’ అని మాలో ఒకడు నవ్వాడు కానీ ఎవరికీ సంతోషం కలగలేదు. మేము ఓడించాలనుకున్నవాళ్ళే మా ఆటను బతికించారని అప్పుడు తెలిసింది.

ఇక మా నాన్న ప్రశ్నకు వస్తే, నాన్నా, ఆటలు అన్నం పెడతాయి. కానీ ఊరికే పెట్టవు. ఆటతో పాటు చదువు ఉండాలి, నడవడిక ఉండాలి, ఆడటానికి చోటు ఉండాలి, ఎదుట నిలబడే తోటివాళ్ళు ఉండాలి. షిబౌరా కుర్రాళ్ళకు మొదటి రెండూ ఉన్నాయి, చివరి రెండూ నిలవలేదు. వాళ్ళు పోగొట్టుకున్నవి తరువాతివాళ్ళకు దొరికాయి. ముందు నడిచినవాళ్ళకు ముళ్ళు, వెనక వచ్చినవాళ్ళకు బాట. ఆ బాట వేసినవాళ్ళ పేర్లు మనం ఒక్కసారైనా చదవడం న్యాయం.